నల్ల స్క్రీను, నాయన దగ్గు

నాయన పోయాక నాకు ఏడుపు రాలేదు. గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదు, దాచుకోవలసిన సంగతీ కాదు. రాలేదు, అంతే. బూదికోట నుంచి వచ్చిన మేనత్త నా గడ్డం పట్టుకుని, డాక్టరు నాలుక చూసినట్టు మొహం పైకెత్తి చూసింది.

"ఏడ్చేయమ్మా, లోపల పెట్టుకోకూడదు" అంది.

లోపల ఏదైనా ఉంటే కదా పెట్టుకోవడానికి. ఆమెకు కాఫీ కలిపి ఇచ్చాను. చక్కెర ఎక్కువైందంది. ఇంకో గ్లాసు కలిపి ఇచ్చాను.

అప్పట్లో నేను బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. ఉద్యోగం పేరు పెద్దది గాని పని అంతే. ఎవరికో ఎక్కడో మెషీన్ ఆగిపోతే ఫోన్ చేస్తారు, మేం ఇక్కడి నుంచి ఏం నొక్కాలో చెబుతాం. తెల్లవారకముందే రైలెక్కడం, చీకటి పడ్డాక దిగడం. బంగారు గనులు మూతపడినప్పటి నుంచి మా ఊరిగాంలో సగం మంది బతుకు ఆ రైల్లోనే గడుస్తోంది. నాయన కూడా గని మూశాక అదే రైలెక్కి బెంగళూరు పోయి, ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం చేశాడు. ఊపిరితిత్తులు ఇక వల్ల కాదనే దాకా చేశాడు. షాఫ్టు లోపల ఏళ్ళ తరబడి పీల్చిన రాతి దుమ్ము ఆయనలోనే ఉండిపోయింది. కంపెనీ మూసేశారు గాని ఆ దుమ్ము తన పని మానలేదు.

మా తెలుగు చర్చిలో కీర్తనలు ఎత్తుకునేది నాయనే. బాగా పాడేవాడు. కూతురిని కాబట్టి అంటున్నానని అనుకోవద్దు, నాకు సంగీతం పెద్దగా పట్టదు, కానీ ఆయన ఎత్తుకుంటే వెనక వరసల్లో కునికేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. చివరి రోజుల్లో మంచం దిగలేని స్థితిలో ఉన్నప్పుడు ఒకసారి నన్ను పిలిచాడు.

"నా పాటలు నీ ఫోన్‌లో పట్టుకోమ్మా" అన్నాడు. "దగ్గు మాత్రం తీసేయాల. తీసేదానికి అయితాదా?"

"అయితాది నాయనా" అన్నాను.

"దగ్గు లేకుండా నా పాట నేను విని శానా ఏండ్లయింది. నేను పోయినాక జనానికి ఆ దగ్గు గుర్తుండకూడదు. పాట ఉంటే చాలు."

మాటిచ్చాను. బంగారం తీశాక గని పారబోసిన సైనైడు మట్టి దిబ్బల మీది నుంచి గాలి కొడుతుంటే కిటికీలు మూసి, ఆయన వెనక దిండ్లు పెట్టి, సెలవు రోజుల్లో కొంచెం కొంచెంగా రికార్డు చేశాను. ఒక చరణానికి నాలుగు చోట్ల దగ్గేవాడు. దగ్గి, నా వైపు చూసి, చేత్తో కత్తెర గుర్తు చూపించేవాడు. అక్కడ కొయ్యి అని.

ఆఫీసు వాళ్ళు ఇచ్చిన లాప్‌టాప్‌లో మన ఇష్టం వచ్చినవి ఎక్కించుకోనివ్వరు. కానీ పని నేర్చుకోవడానికని అందులో ఒక వర్చువల్ మెషీన్ ఇచ్చారు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అన్నమాట. ఇంట్లో ఒక గది అద్దెకిచ్చినట్టు. గదికి తలుపు వేరు, తాళం వేరు, లోపల వాళ్ళ సామాను వేరు, కరెంటు మాత్రం ఇంటిదే. ఆ గదిలో విండోస్ బదులు లినక్స్ ఉండేది. పాటలు కోసి అతికే సాఫ్ట్‌వేరు అందులోనే పెట్టుకున్నాను. ఫోన్ నిండిపోతుంటే రికార్డింగులన్నీ అందులోకి మార్చి, ఫోన్‌లోవి తీసేశాను.

దగ్గు కంటికి కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. గొంతు స్క్రీను మీద చిన్న చిన్న అలలుగా పోతూ ఉంటుంది. దగ్గు వచ్చిన చోట ఆ అల ఒక్కసారిగా పైకీ కిందికీ లేస్తుంది. ఆ ముక్కను ఎంచుకుని తీసేసి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, అతుకు వినపడకుండా సరిచేయాలి. చీరకు రఫ్ఫు చేయడం లాంటిదే. చెయ్యి తిరిగితే ఎక్కడ చిరిగిందో చేసినవాళ్ళకు కూడా తెలియదు. నాయన ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని, పోయాక కూడా అలాగే చేసుకుంటూ పోయాను. సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు, నేను ఇంట్లో కూర్చుని ఆయన దగ్గులు ఒక్కొక్కటీ కోస్తున్నాను. నా గురించి నాకే కొంచెం భయం వేయాల్సింది, అదీ వేయలేదు.

జ్ఞాపకార్థ కూడిక ఆదివారం సాయంత్రం మా ఇంట్లోనే పెట్టుకున్నాం. చర్చి వాళ్ళు, నాయనతో గనిలో పనిచేసినవాళ్ళు, చుట్టాలు వస్తారు. ఆ కూడికలో నాయన పాటలు వినిపించాలి. అమ్మ ఆ రికార్డింగులు ఒక్కసారి కూడా వినలేదు. శుభ్రం చేశాకే వినిపిస్తానని నేనే ఆపి ఉంచాను. రోజూ అడిగేది.

"అయిపోయిందామ్మా?"

"ఇంగ కొంచెం ఉంది."

"ఆయన గొంతు ఒకతూరి వింటే సాలు నాకు" అనేది.

శనివారం మధ్యాహ్నానికి ఆఖరి దగ్గు కూడా కోసేశాను. పాటలన్నింటినీ పూర్తి ఫైళ్ళుగా మార్చమని పెట్టాను. అదే సమయంలో లినక్స్ అప్‌డేట్ చేసుకోమంటారా అని అడిగితే, ఆలోచించకుండా సరే నొక్కాను. ఆ నెలలో నన్ను ఎవరేం అడిగినా సరే అనే అన్నాను. రెండూ కలిసి నెమ్మదిగా నడుస్తున్నాయి. ఈలోపు అమ్మ ఇంట్లోనే ఉంది కదాని, కూడికకు బన్నులు, పేపరు గ్లాసులు తెద్దామని రాబర్ట్‌సన్‌పేట బజారుకు వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. అమ్మ చర్చిలో స్త్రీల కూడికకు వెళ్ళింది. తలుపు తీసి, గోడ మీదున్న మెయిన్ స్విచ్చి పైకెత్తి, ఫ్యాన్ వేసుకుని, బన్నులు లోపల పెట్టాను.

మెయిన్ సంగతి చెప్పాలి. మావి గని కంపెనీ కాలం నాటి ఇళ్ళు. వైర్లు కూడా ఆ కాలం నాటివే, గుడ్డ చుట్టినవి, చెక్క పట్టీల్లో పోతాయి. ఒక ఆదివారం అందరూ చర్చిలో ఉండగా మా వరస చివరి ఇల్లు కాలిపోయింది. ఆ రోజు నుంచి వరసలో ఎవరు ఇంటికి తాళం వేసి గడప దాటినా మెయిన్ దించే పోతారు. తాళం వేయడం మరిచిపోయినవాళ్ళను చూశాను గాని మెయిన్ దించడం మరిచిపోయినవాళ్ళను చూడలేదు. ఫ్రిజ్జులో పాలు విరిగినా సరే. ఇంటికి రాగానే మెయిన్ ఎత్తడం చెప్పులు విడవడమంత మామూలు మాకు. ఎత్తాను, మరిచిపోయాను.

నా లాప్‌టాప్‌లో బ్యాటరీ లేదు. ఉబ్బిందని ఆఫీసు వాళ్ళు తీసేశారు, కొత్తది ఇస్తామన్నారు, ఇస్తూనే ఉన్నారు. ప్లగ్గులో ఉంటేనే నడుస్తుంది. వచ్చేసరికి అది ఆరిపోయి ఉంది. ఆరిపోయిందే అనుకున్నానే తప్ప ఎందుకు ఆరిందని అనుకోలేదు. మళ్ళీ ఆన్ చేశాను. విండోస్ ఏమీ ఎరగనట్టు లేచింది. లోపలి మెషీన్‌ను లేపాను. లినక్స్ గుర్తు ఒక్క క్షణం కనిపించి, తర్వాత నల్లబడిపోయింది. పైన ఎడమ మూలలో సన్నటి తెల్ల గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. చాలాసేపు చూశాను. అది వెలుగుతూ ఆరుతూనే ఉంది.

నల్ల స్క్రీను నాకు కొత్తది కాదు. 'అంతా నల్లగా ఉంది మేడం' అని ఫోన్ చేసేవాళ్ళకు జవాబు చెప్పడం మీదే నా జీతం నడుస్తోంది. వాళ్ళను అడిగే ప్రశ్నలే నన్ను నేను అడుక్కున్నాను. ఆ మెషీన్‌కు వీడియో మెమరీ ఎంత ఇచ్చావు? పెంచాను. త్రీడీ టిక్కు పెట్టి ఉందా? తీసేశాను. గ్రాఫిక్స్ కంట్రోలర్ మార్చి చూశాను. ఒక్కో మార్పుకీ ఒకసారి ఆపడం, ఒకసారి లేపడం. నలుపే. లేచేటప్పుడు షిఫ్ట్ నొక్కిపట్టి, వచ్చిన మెనూలో నోమోడ్‌సెట్ అనే మాట చేర్చాను. గ్రాఫిక్స్ జోలికి పోకుండా లెమ్మని దాని అర్థం. నలుపే. బొమ్మలు వద్దు, అక్షరాలు కనిపిస్తే చాలని కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ కలిపి నొక్కాను. అక్షరాలూ రాలేదు. నెట్‌లో వెతికితే అచ్చంగా ఇదే కష్టం వచ్చినవాడు ఒకడు దొరికాడు. 'సరైపోయింది, థ్యాంక్స్' అని కింద తనే రాసుకున్నాడు, ఏం చేస్తే సరైపోయిందో రాయలేదు. మామూలుగా అయితే అలాంటివాణ్ణి తిట్టకుండా వదలను. ఆ రోజు కోపం కూడా రాలేదు. ఇంకో పేజీ తెరిచాను.

అమ్మ కూడిక నుంచి వచ్చింది. నా వెనక నిలబడి చూసింది.

"ఏంది, నల్లగా ఉండాది?"

"చేస్తాండాను" అన్నాను.

ఆఫీసులో నా పక్క సీటు అతనిది శ్రీనివాసపురం. నాకంటే ముందు నుంచి ఈ పనిలో ఉన్నవాడు. మామిడికాయల కాలం కాబట్టి తోట కోయించడానికి సెలవు పెట్టి ఊళ్ళో ఉన్నాడు. సాయంత్రం అతనికి ఫోన్ చేశాను. వెనక లారీ ఇంజను, కూలీల కేకలు. చేసినవన్నీ వరసగా చెప్పాను.

"నువ్వు అద్దం తుడస్తాండావు" అన్నాడు. "అద్దానికి ఏమీ కాలేదమ్మా. లోపలే ఏందో విరిగి ఉండాది. కొత్తగా లినక్స్ ఎక్కించే ఫైలు ఉంటాది గదా, దాంతో లేపు. లేచినాక నీ పాత డిస్కు తెరిచి చూడు."

ఫోన్ పక్కన పెట్టి అలాగే చేశాను. ఈసారి స్క్రీను వచ్చింది. ఊదారంగు స్క్రీను, నిండా వెలుగు. అంటే నేను మధ్యాహ్నమంతా స్క్రీనుతో పోట్లాడింది వృథా. పాత డిస్కు తెరిచాను, పాటల ఫోల్డరు తెరిచాను. ఫైళ్ళు ఉన్నాయి. నేను పెట్టిన పేర్లే. ప్రతి పేరు పక్కన ఎంత పెద్దదో చూపించే చోట సున్నా ఉంది. కోసి అతికిన ఫైలూ సున్నాయే. పేరు మాత్రం మిగిలి, లోపల ఏమీ లేదు. నెలల పని.

"రాసేటప్పుడు మధ్యలో కరెంటు పోయిందా?" అని అడిగాడు.

"లేదు. ఈ రోజు కరెంటు పోలేదు" అన్నాను. అంటూనే గోడ మీది మెయిన్ వైపు చూశాను.

"పోకుండా ఇట్లా కాదే" అన్నాడు. లారీ వాళ్ళకు ఏదో కేకేసి, "స్నాప్‌షాట్ తీసి పెట్టినావా?" అన్నాడు.

స్నాప్‌షాట్ అంటే ఆ మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే పట్టి దాచి ఉంచడం. కావాలంటే మళ్ళీ ఆ క్షణానికి వెనక్కి పోవచ్చు. దేనిమీదైనా చెయ్యి వేసే ముందు స్నాప్‌షాట్ తీసుకోవాలని మాకు మొదటి వారమే నేర్పారు. తీశాను. రికార్డింగులన్నీ లోపలికి మార్చి, మొదటి దగ్గు కొయ్యబోయే ముందు తీశాను. అతనికి అదే చెప్పాను.

"అట్లయితే పాటలు యాడికీ పోలేదు" అన్నాడు. "నువ్వు చేసిన పని పోయింది, అంతే. ముందు ఎట్ల ఉన్నాయో అట్ల వస్తాయి."

అంటే దగ్గుతో వస్తాయి.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ రాగిపిండి జల్లిస్తోంది.

"అమ్మా, మధ్యాన్నం కూడికకు పొయ్యేటప్పుడు మెయిన్ దించినావా?"

"దించకుండా యాడన్నా పోతానా? ఇంట్లో ఎవరూ లేరు గదా." జల్లెడ ఆపి నా వైపు చూసింది. "యాలమ్మా?"

"ఊరికే."

ఆమెకు చెప్పి ఏం లాభం? చెబితే ఆయన గొంతును తన చేత్తోనే ఆర్పేశానని బతికున్నన్నాళ్ళూ కుమిలిపోతుంది. చెప్పకపోవడం మంచితనమని కూడా అనను. చెప్పాలంటే ఏదో ఒకటి అనిపించాలి, నాకు ఏమీ అనిపించలేదు.

ఆ రాత్రి స్నాప్‌షాట్‌కు వెనక్కి పోలేదు. నాయనకు ఇచ్చిన మాట ఒకటుంది. దగ్గు జనానికి వినిపించకూడదన్నాడు. ఆయన నన్ను ఇంకేదీ అడగలేదు, మందులు కూడా అడిగి తెప్పించుకోలేదు. దగ్గుతో వినిపిస్తే ఆ ఒక్క మాటా తప్పినట్టే. అసలు వినిపించకపోతే అమ్మకు ఏం చెప్పాలి? మెషీన్ పాడైందంటే నమ్ముతుంది. నేనేం చెప్పినా నమ్ముతుంది, అదే ఇబ్బంది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అమ్మ ముందుగదిలో చాపలు పరిచింది. గోడకు ఆనించి లాప్‌టాప్ పెట్టడానికి స్టూలు తెచ్చి, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్ల గుడ్డ పరిచింది. ఆ గుడ్డ చూశాక స్నాప్‌షాట్ మీద నొక్కాను. ఇప్పుడున్నదంతా పోతుంది, సరేనా అని మెషీన్ అడిగింది. సరే అన్నాను. మెషీన్ లేచింది. పాత గోడ బొమ్మ, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన కిటికీలు, పాటల ఫోల్డరు. ఈసారి ఫైళ్ళ పక్కన సున్నా లేదు.

ఒక్క పాటైనా శుభ్రం చేద్దామని కూర్చున్నాను. హడావిడిగా కోస్తే దగ్గుతో పాటు పక్క మాట కూడా తెగిపోయింది. అతికితే నాయన నత్తిగా పాడుతున్నట్టు వచ్చింది. మళ్ళీ కోశాను, ఇంకా పాడైంది. కోసినదంతా వెనక్కి తీసుకున్నాను. అప్పటికే బయట చెప్పులు విడుస్తున్న చప్పుడు.

గది నిండింది. పాస్టరుగారు నాయన మంచం మీద కూర్చున్నారు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద. ప్రార్థన అయ్యాక అందరూ నా వైపు చూశారు. దగ్గు ఉందని ముందే చెబుదామనుకున్నాను. చెప్పకుండానే పాట నొక్కాను.

నాయన ఎత్తుకున్నాడు. గది కదిలింది. ఎవరూ చెప్పకుండానే జనం అందుకున్నారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి దగ్గాడు. ఆపేద్దామని చెయ్యి చాచాను. ముందు కూర్చున్న పెద్దాయన ఒకరు, నాయనతో కలిసి గనిలో దిగినవాడు, చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఉండమ్మా" అన్నాడు.

పాడుతున్నవాళ్ళందరూ సరిగ్గా నాయన దగ్గిన మాట దగ్గరే ఆగి ఉన్నారు. ఒక్కరు కూడా ముందుకు పోలేదు. నాయన దగ్గి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకున్నాడు. వాళ్ళూ అందుకున్నారు. చర్చిలో ఏళ్ళ తరబడి వీళ్ళు ఇలాగే పాడారని అప్పుడు గుర్తొచ్చింది. నేను కోసి అతికిన పాట పెట్టి ఉంటే గది మొత్తం తప్పు పాడేది.

మూడో చరణంలో దగ్గు తెర వచ్చింది. ఇది ఆగే దగ్గు కాదు. అందరూ తలలు వంచుకుని ఆగారు. ఆడవాళ్ళ మధ్య నుంచి అమ్మ లేచింది. ఎవరి వైపూ చూడకుండా, మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచి వంటింట్లోకి నడిచింది. స్టవ్వు వెలిగిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి. దగ్గు ఇంకా వస్తూనే ఉంది. అది తగ్గి, నాయన మళ్ళీ ఎత్తుకుని, ఆ చరణం అయిపోయి, తర్వాతి చరణంలో మళ్ళీ దగ్గుతుండగా అమ్మ బయటికి వచ్చింది. చేతిలో వేడినీళ్ళ స్టీలు గ్లాసు, వేడికి కొంగు చుట్టి పట్టుకుంది. తోవ ఇమ్మన్నట్టు చాపల మధ్య నుంచి నేరుగా మంచం దగ్గరికి వెళ్ళింది.

మంచం మీద పాస్టరుగారు ఉన్నారు. అమ్మ ఆయన్ను చూసింది. మంచం చూసింది. గ్లాసు చూసుకుంది. మెషీన్‌లో నాయన దగ్గుతూనే ఉన్నాడు.

నేను వెళ్ళి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాను. తీసుకున్నాక ఏం చేయాలో తెలియక తాగాను. నాలుక కాలింది.

"ఊదుకొని తాగు" అంది అమ్మ, మెల్లగా, నా మొహం చూడకుండా.

ఊదుకుని మిగతాది తాగాను. నాయన ఇంక లేడని నాకు అప్పుడు తెలిసింది.